కలర్ కెమెరాకు ఏ ఫిల్టర్ కొనాలి? డాబా మీద నుంచి ఆకాశం ఫోటోలు తీసేవారి కోసం

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాబా మీద టెలిస్కోపు పెట్టి, కూల్డ్ (సెన్సర్‌ను చల్లబరిచే) కలర్ కెమెరాతో నెబ్యులాలు, అంటే ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలు తీయడం మొదలుపెట్టిన వాళ్లందరికీ త్వరలోనే ఒక టెన్షన్ పట్టుకుంటుంది. ఫోటోలో నెబ్యులా కన్నా ఊరి వెలుగే ఎక్కువగా కనిపిస్తోంది, ఏదైనా ఫిల్టర్ పెడితే పోతుందా అని. కొన్నింటి విషయంలో పోతుంది, ఆశ్చర్యపోయేంతగా పోతుంది. కొన్నింటికి మాత్రం ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా పోదు.

ఫిల్టర్ కొత్తగా వెలుగు తెచ్చిపెట్టదు. వచ్చే వెలుగులో కొంత ఆపుతుంది, అంతే. అది ఆపేది ఊరి వెలుగైతే మనకు లాభం. మనం తీయాలనుకున్న దాని వెలుగును కూడా అదే లెక్కన ఆపేస్తే ఫోటోకి ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి కంపెనీల ప్రకటనలు పక్కన పెట్టి, ముందుగా ఏం తీయబోతున్నారో చూసుకోండి.

1. తీయాలనుకున్న వాటిని రెండు గుంపులు చేయండి

ఈ సీజన్‌లో తీయాలనుకున్న వాటి పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. మొదటి గుంపులో తమంతట తాము వెలిగే వాయు మేఘాలు రావాలి. ఓరియన్ నెబ్యులా (ఎం42), రోజెట్, నార్త్ అమెరికా, కాలిఫోర్నియా, హార్ట్, లగూన్, వెయిల్, హెలిక్స్, డంబెల్ ఈ గుంపులోవే. వీటి వెలుగు ఇంద్రధనుస్సులా అన్ని రంగుల్లో పరుచుకోదు. ఎక్కువ భాగం కొన్ని సన్నని గీతల్లో, అంటే కొన్ని కచ్చితమైన రంగుల్లో వస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో తరంగదైర్ఘ్యం, దాన్ని నానోమీటర్లలో కొలుస్తారు. హైడ్రోజన్-ఆల్ఫా 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, ఆక్సిజన్-3 గీతలు 495.9, 500.7 దగ్గర నీలి ఆకుపచ్చగా, హైడ్రోజన్-బీటా 486.1 దగ్గర, సల్ఫర్-2 జంట గీతలు 671.6, 673.1 దగ్గర ఉంటాయి.

రెండో గుంపులో గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు, కృత్తికల చుట్టూ ఉండే నీలి మేఘం, ఐరిస్, ఎం78 లాంటివి వేయండి. వీటి నుంచి మనకు చేరేది నక్షత్రాల వెలుగే, లేదా ధూళి మీద పడి చెదిరిన నక్షత్రాల వెలుగు. అది 400 నుంచి 700 నానోమీటర్ల దాకా అంతటా పరుచుకుని ఉంటుంది.

ఇప్పుడు ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. మన కంటికి కనిపించే పరిధి సుమారు 300 నానోమీటర్లు. ఒక్కోటి 7 నానోమీటర్ల వెడల్పుతో రెండు కిటికీలు మాత్రమే తెరిచే ఫిల్టర్ పెట్టారనుకోండి. లోపలికి వచ్చేది మొత్తం 14 నానోమీటర్ల వెలుగు. ఊరి వెలుగు దాదాపు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. రోజెట్ నెబ్యులా వెలుగు మాత్రం సరిగ్గా ఆ కిటికీల్లోనే ఉంది కాబట్టి చాలావరకు అలాగే వచ్చేస్తుంది. అదే ఫిల్టర్‌తో ఆండ్రోమెడా గెలాక్సీ తీస్తే ఊరి వెలుగుతో పాటు గెలాక్సీ వెలుగు కూడా ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. ఫిల్టర్ కొనుగోలులో తెలుసుకోవాల్సిన విషయంలో సగం ఈ లెక్కలోనే ఉంది.

రెండు గుంపుల్లోనూ పడేవి కొన్ని ఉన్నాయి. ట్రిఫిడ్ నెబ్యులా (ఎం20)లో ఎర్రటి భాగం వాయువుది, పక్కనున్న నీలి భాగం ధూళి మీద చెదిరిన వెలుగు. సన్నని కిటికీల ఫిల్టర్ పెడితే ఎరుపు బ్రహ్మాండంగా వస్తుంది, నీలం దాదాపు మాయమవుతుంది. ఎం33 లాంటి గెలాక్సీల చేతుల్లో హైడ్రోజన్ మేఘాలుంటాయి. వాటి కోసం ఫిల్టర్ లేకుండా ప్రధాన ఫోటో తీసుకుని, పైన చెప్పిన రెండు కిటికీల ఫిల్టర్ (డ్యూయల్ బ్యాండ్)తో మరి కొన్ని ఫ్రేములు తీసి ఎరుపు ఛానెల్‌లో కలుపుతారు.

2. కెమెరా సెన్సర్ ముందున్న అద్దం ఏ రకమో చూడండి

చాలామంది చూడకుండా దాటేసే అంశం ఇది. కెమెరా స్పెసిఫికేషన్లలో ప్రొటెక్ట్ విండో అనే వరుస ఉంటుంది. అక్కడ ఐఆర్ కట్ అని ఉంటే పరారుణ కాంతిని ఆ అద్దమే ఆపుతుంది. ఏఆర్ కోటెడ్ (ప్రతిబింబాలు తగ్గించే పూత) అని మాత్రమే ఉంటే ఆపదు. ఏఎస్ఐ533ఎంసీ ప్రో, ఏఎస్ఐ2600ఎంసీ ప్రో లాంటి కూల్డ్ కెమెరాలు ఈ రెండో రకం.

ఆపకపోతే ఏమవుతుంది? సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఏదో ఒక రంగు పూత ఉంటుంది కదా, ఆ పూతలు పరారుణంలో లోతుకు వెళ్లేకొద్దీ మూడూ ఒకేలా పారదర్శకమైపోతాయి. మూడు ఛానెళ్లలోనూ ఒకే వెలుగు పడి రంగులు వెలిసిపోతాయి. పైగా లెన్సు టెలిస్కోపులు పరారుణాన్ని కనిపించే కాంతితో పాటు ఒకే చోట ఫోకస్ చేయలేవు. ఎంత ఫోకస్ చేసినా నక్షత్రాలు ఉబ్బినట్టే ఉంటాయి. ఫోకసర్‌నో టెలిస్కోపునో అనుమానించే ముందు ఈ అద్దం సంగతి చూసుకోవాలి.

అందుకే ఇలాంటి కెమెరా ఉన్నవారు కొనాల్సిన మొదటి ఫిల్టర్ యూవీ/ఐఆర్ కట్, అంటే అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపి కనిపించే కాంతిని పంపేది. మిగతావాటితో పోలిస్తే చవక. గెలాక్సీలకు, గుచ్ఛాలకు, కృత్తికలకు, చీకటి ప్రదేశానికి వెళ్లినప్పుడు అన్నింటికీ ఇదే పనికొస్తుంది.

డీఎస్ఎల్ఆర్ వాడేవారి సమస్య దీనికి తలకిందులు. వాటి లోపలి ఫిల్టర్ పరారుణంతో పాటు హైడ్రోజన్-ఆల్ఫాను కూడా చాలావరకు ఆపేస్తుంది. ఆ ఫిల్టర్ తీయించకుండా ఖరీదైన డ్యూయల్ బ్యాండ్ కొనడం దండగ. ముందు కెమెరా మోడిఫై చేయించుకోండి. లోపలి ఫిల్టర్లన్నీ తీసేసి ఫుల్ స్పెక్ట్రమ్‌గా మార్పించారంటే మీకూ యూవీ/ఐఆర్ కట్ కావాల్సిందే. కెనాన్ ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాల లోపల బిగించే క్లిప్ ఫిల్టర్లు ఈఎఫ్-ఎస్ లెన్సులతో పనిచేయవు, లెన్సు వెనక భాగం లోపలికి పొడుచుకొచ్చి తగులుతుంది. ఈఎఫ్ లెన్సులతోనో టెలిస్కోపుతోనో వాడుకోవాలి.

3. మీ వీధి దీపాలు చూడండి, బ్రాడ్‌బ్యాండ్ ఫిల్టర్ మీద ఆశ తగ్గించుకోండి

లైట్ పొల్యూషన్ ఫిల్టర్ పేరుతో అమ్మే బ్రాడ్‌బ్యాండ్ ఫిల్టర్లు ఆప్టోలాంగ్ ఎల్-ప్రో, ఐడాస్ ఎల్‌పీఎస్ లాంటివి. వీటి వెనక ఆలోచన మంచిదే. పాత వీధి దీపాల వెలుగు కొన్నిచోట్ల గుమిగూడి ఉండేది. సోడియం దీపాలది 589 నానోమీటర్ల చుట్టూ, మెర్క్యురీ దీపాలది 435.8, 546.1 లాంటి గీతల దగ్గర. అక్కడక్కడా కోసేస్తే ఊరి వెలుగు తగ్గి, మిగతాదంతా లోపలికి వచ్చేది.

ఇప్పుడు మన ఊళ్లలో ఆ దీపాలు ఎన్ని మిగిలాయి? 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో వీధి దీపాలు పెద్ద ఎత్తున ఎల్ఈడీలుగా మారాయి. తర్వాత రెండు రాష్ట్రాల్లోని పట్టణాలు, పంచాయతీలు అదే దారి పట్టాయి. తెల్ల ఎల్ఈడీ వెలుగు 450 దగ్గర నీలంలో ఒక శిఖరంలా లేచి, ఆ తర్వాత ఆకుపచ్చ, పసుపు, నారింజల మీదుగా అంతటా పరుచుకుంటుంది. దాన్ని కోయాలంటే కనిపించే కాంతినంతా కోయాలి. గెలాక్సీ వెలుగూ అక్కడే ఉంది. కాబట్టి నగరం నడిబొడ్డున ఉండి గెలాక్సీల కోసం బ్రాడ్‌బ్యాండ్ ఫిల్టర్ కొందామనుకునే వారికి నా సలహా ఒకటే. ఆ డబ్బు పెట్రోలుకు దాచుకోండి.

మీ చుట్టుపక్కల ఇంకా పసుపు రంగు సోడియం దీపాలే ఎక్కువగా ఉంటే సంగతి వేరు. అప్పుడు ఎల్-ప్రో లాంటిది కొంత ఉపయోగపడుతుంది. డాబా ఎక్కి నాలుగు దిక్కులా చూస్తే తెలిసిపోతుంది.

చీకటి వెతుక్కుంటూ వెళ్లడం మనకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోపును 1960ల్లో నగరంలో కాకుండా, దూరంగా జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టింది. మీరు వెళ్లేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి. శ్రీశైలం వైపు లాంటి అడవి దారుల్లో రాత్రిపూట రాకపోకలపై నిషేధం ఉంటుంది. సూర్యాస్తమయానికి ముందే చేరి, తెల్లారేదాకా ఉండటానికి ఊళ్లో ఎవరిదైనా పొలమో ఇల్లో మాట్లాడుకోవాలి.

4. ఊళ్లోనే ఉంటారా? డ్యూయల్ బ్యాండ్ కొనండి

మొదటి గుంపు కోసం, డాబా మీద నుంచి తీయడానికి, డబ్బు పెట్టదగ్గ ఫిల్టర్ ఇదే. హైడ్రోజన్-ఆల్ఫాకు ఒక కిటికీ, ఆక్సిజన్-3కి ఒక కిటికీ. కలర్ కెమెరాకు ఇది ఎంత చక్కగా కుదురుతుందో చూడండి. సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లకు ఒకటి ఎరుపు, రెండు ఆకుపచ్చ, ఒకటి నీలం. హైడ్రోజన్-ఆల్ఫా ఎరుపు పిక్సెళ్లలో పడుతుంది. ఆక్సిజన్-3 ఉండే 500.7 నానోమీటర్ల చోటు ఆకుపచ్చ, నీలం రెండు పూతలూ ఒరుసుకునే చోటు, కాబట్టి మిగతా మూడు పిక్సెళ్లూ దాన్ని పట్టుకుంటాయి. రెండు వాయువుల వెలుగూ ఒకే ఎక్స్‌పోజర్‌లో, వేర్వేరు పిక్సెళ్లలో, కలిసిపోకుండా వచ్చేస్తాయి. మోనో (నలుపు తెలుపు) కెమెరాతో రెండు ఫిల్టర్లు మార్చి చేసే పని ఒక్కసారిలో అవుతుంది.

ట్రై బ్యాండ్ (మూడు గీతలు), క్వాడ్ బ్యాండ్ (నాలుగు గీతలు) అన్న పేర్లు చూసి ఎక్కువ వస్తోందని మురిసిపోకండి. ఆప్టోలాంగ్ ఎల్-ఎన్‌హాన్స్‌లో మూడోది హైడ్రోజన్-బీటా. అది ఆక్సిజన్-3 పక్కనే ఉంటుంది కాబట్టి ఆ కిటికీని సుమారు 24 నానోమీటర్లకు వెడల్పు చేశారు. ఆ వెడల్పులోంచి ఊరి వెలుగు కూడా వస్తుంది. క్వాడ్ బ్యాండ్‌లో హైడ్రోజన్-ఆల్ఫా, సల్ఫర్-2 రెండూ ఎరుపు పిక్సెల్‌లోనే పడతాయి. ఒకసారి కలిశాక వాటిని విడదీసే దారి లేదు.

కిటికీ వెడల్పు ఎంత ఉండాలి? ఎల్-ఎక్స్‌ట్రీమ్, ఎస్‌వీబోనీ ఎస్‌వీ220 లాంటివి 7 నానోమీటర్లు. ఆంట్లియా ఏఎల్‌పీ-టీ 5. ఎల్-అల్టిమేట్ 3. సన్నబడేకొద్దీ ఆకాశం నల్లబడుతుంది, ధర పెరుగుతుంది. మీ ఆకాశం బోర్టిల్ స్కేలు (1 అంటే అతి చీకటి, 9 అంటే అతి వెలుగు) మీద 8, 9 అయితే, అంటే హైదరాబాద్ లాంటి మహానగరం మధ్యలో ఉంటే, 3 నానోమీటర్ల ఫిల్టర్‌తో వచ్చే తేడా స్పష్టంగా తెలుస్తుంది. చిన్న పట్టణంలో ఉంటే 7 చాలు. మిగిలిన డబ్బుతో టెలిస్కోపు నక్షత్రాన్ని వదలకుండా వెంటాడేలా చూసే మంచి గైడింగ్ కెమెరా తీసుకోవచ్చు.

5. మీ టెలిస్కోపు ఎఫ్ నంబరుతో సరిచూసుకోండి

టెలిస్కోపు ఫోకల్ పొడవును దాని వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబరు. అది తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ ఏటవాలుగా వస్తుంది. ఈ ఫిల్టర్లు అద్దం మీద పలుచని పొరలు పొరలుగా వేసిన పూతలతో పనిచేస్తాయి. వెలుగు నిటారుగా కాకుండా ఏటవాలుగా పడితే కిటికీ నీలం వైపు జరిగిపోతుంది. ఎఫ్/5 టెలిస్కోపులో అంచు కిరణాలకు ఆ జరుగుడు 1 నానోమీటర్ లోపే, భయం లేదు. ఎఫ్/4లో ఒకటికి కాస్త పైన. ఎఫ్/2 దగ్గర దాదాపు 5 నానోమీటర్లు జరుగుతుంది. అంటే ఆ అంచు కిరణాలకు 3 నానోమీటర్ల కిటికీ పూర్తిగా పక్కకు పోయి, మనకు కావాల్సిన హైడ్రోజన్ గీతే బయట ఉండిపోతుంది.

రాసా, హైపర్‌స్టార్ లాంటి ఎఫ్/2 దగ్గరి ఏర్పాట్లు వాడేవారు ఆ ఎఫ్ నంబరు కోసమే ప్రీ-షిఫ్ట్ చేసిన, అంటే కిటికీని ముందే ఎరుపు వైపు జరిపి తయారుచేసిన ఫిల్టర్లే కొనాలి. సమ్యాంగ్ 135 ఎఫ్/2 లెన్సుతో తీసేవారు చాలామంది ఉన్నారు. లెన్సు వెనక ఫిల్టర్ పెడితే ఎఫ్/2.8కో ఎఫ్/4కో దించి వాడండి, ఫిల్టర్ 7 నానోమీటర్లది తీసుకోండి.

6. సైజు తప్పు కొనకండి

ఏఎస్ఐ533 కెమెరా సెన్సర్ మూల నుంచి మూలకు 16 మిల్లీమీటర్లు. దానికి 1.25 అంగుళాల ఫిల్టర్ సరిపోతుంది. 2600 లాంటి ఏపీఎస్-సీ సెన్సర్ మూల నుంచి మూలకు 28 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. 1.25 అంగుళాలది పెడితే మూలలు నల్లబడతాయి. రెండంగుళాలది తీసుకోండి. ఈరోజు చిన్న కెమెరా ఉన్నా, రేపు పెద్దది కొనే ఉద్దేశం ఉంటే మొదటి నుంచే రెండంగుళాలవి కొనడం మంచిది. కెమెరాలు మారుతుంటాయి, మంచి ఫిల్టర్ మీతోనే ఉంటుంది.

కలర్ కెమెరాకు మోటారు ఫిల్టర్ వీల్ అవసరం లేదు. రెండు ఫిల్టర్లకు ఒక ఫిల్టర్ డ్రాయర్ చాలు. ఫిల్టర్ మందంలో మూడో వంతు, కరెక్టర్ లెన్సు నుంచి సెన్సర్ దాకా ఉండాల్సిన దూరానికి, అంటే బ్యాక్ ఫోకస్‌కు కలపాలని గుర్తుంచుకోండి. ఫిల్టర్ 2 మిల్లీమీటర్ల మందం ఉంటే 55 మిల్లీమీటర్ల బదులు సుమారు 55.7 పెట్టాలి. మూలల్లో నక్షత్రాలు సాగినట్టు వస్తుంటే ముందు ఇదే చూడండి.

సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోపు ఉన్నవారు ఏమీ కొనక్కర్లేదు, డ్యూయల్ బ్యాండ్ లోపలే ఉంది. మొదటి గుంపుకి ఆన్ చేయండి, రెండో గుంపుకి ఆఫ్ చేయండి.

7. ఫిల్టర్ వచ్చాక మొదటి రాత్రులు

వాపసు ఇచ్చే గడువు ఉండగానే పరీక్షించండి. ప్రకాశవంతమైన నక్షత్రం ఉన్న చోటు తీయాలి. చలికాలంలో హార్స్‌హెడ్ పక్కనున్న ఆల్నిటాక్ అందుకు సరైనది. నక్షత్రం చుట్టూ పెద్ద గుండ్రటి వెలుగు వలయం కనిపిస్తే ఫిల్టర్‌ను తిరగేసి మళ్లీ తీయండి. అప్పటికీ పోకపోతే మార్చి ఇవ్వమని అడగండి.

ఎక్స్‌పోజర్ మారుతుంది. యూవీ/ఐఆర్ కట్‌తో నగరంలో 30 నుంచి 60 సెకన్లు చాలు, అంతకన్నా ఎక్కువైతే ఆకాశమే నిండిపోతుంది. డ్యూయల్ బ్యాండ్‌తో 180 నుంచి 300 సెకన్లు ఇవ్వండి. ఆకాశం నల్లబడింది కాబట్టి తక్కువ సెకన్లు ఇస్తే సెన్సర్ సొంత నాయిస్ పైకి వస్తుంది. 533 కెమెరాకు గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే సెట్టింగు) 100 పెట్టండి. ఫోకస్ మళ్లీ చేయాలి, ఫ్లాట్ ఫ్రేములు (ధూళి నీడలు తొలగించడానికి సమానమైన వెలుగు మీద తీసేవి) ఆ ఫిల్టర్‌తోనే మళ్లీ తీయాలి. ఒక్కో ఫిల్టర్ మీద ధూళి వేరు, దాని నీడలు వేరు.

ప్రాసెసింగ్‌కు డబ్బు ఖర్చు లేదు. సిరిల్ ఉచిత సాఫ్ట్‌వేర్. హైడ్రోజన్, ఆక్సిజన్‌లను విడదీసే స్క్రిప్టు అందులోనే వస్తుంది. హైడ్రోజన్‌ను ఎరుపులో, ఆక్సిజన్‌ను ఆకుపచ్చ, నీలంలో పెడితే రెండు రంగుల చక్కటి చిత్రం వస్తుంది. నక్షత్రాల రంగులు మాత్రం డ్యూయల్ బ్యాండ్‌తో సహజంగా రావు. అదే రాత్రి యూవీ/ఐఆర్ కట్ పెట్టి కొద్దిసేపు నక్షత్రాల కోసం తీసుకుని, తర్వాత కలుపుకోండి.

8. నెలలు, వెన్నెల చూసి ప్లాన్ చేయండి

వానలు వెళ్లాక అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో నార్త్ అమెరికా, వెయిల్ తీయండి. హెలిక్స్ కూడా అప్పుడే. యూరప్ వాళ్లకు అది దిగంతం దగ్గర ఉంటుంది, మనకు 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలిఫోర్నియా, హార్ట్, రోజెట్, ఓరియన్. మార్చి, ఏప్రిల్ గెలాక్సీల కాలం, డ్యూయల్ బ్యాండ్ పక్కన పెట్టి చీకటి ఊరికి వెళ్లండి. దక్షిణ దిక్కు తెరిచి ఉన్నవారు మార్చిలో కరీనా నెబ్యులా ప్రయత్నించవచ్చు. హైదరాబాద్‌లో 13 డిగ్రీలే, తిరుపతిలో మరికాస్త ఎత్తు. అంత కిందనున్నా హైడ్రోజన్ గాఢంగా ఉండటం వల్ల డ్యూయల్ బ్యాండ్‌తో వస్తుంది. లగూన్, ఈగిల్ రాత్రి మధ్యకు వచ్చేసరికి మనకు వానలు మొదలవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున లేచి తీసుకోవాలి.

వెన్నెల అంటే చెదిరిన సూర్యకాంతి, నీలం వైపు ఎక్కువ. అందుకని ఆక్సిజన్ కిటికీకి దెబ్బ ఎక్కువ, హైడ్రోజన్‌కు తక్కువ. పౌర్ణమి దగ్గర రాత్రుల్లో హైడ్రోజన్ ఎక్కువగా ఉండే రోజెట్, కాలిఫోర్నియా తీయండి, చంద్రుడికి కనీసం 60 డిగ్రీల దూరం ఉండేలా చూసుకోండి. వెయిల్, హెలిక్స్, డంబెల్ అమావాస్య వైపు ఉంచుకోండి.

సల్ఫర్-2, ఆక్సిజన్-3 కలిపిన ఆస్కార్ డీ2 లాంటి మరో డ్యూయల్ బ్యాండ్ కూడా దొరుకుతుంది. మొదటి దానికి తోడుగా వాడితే మూడు వాయువులూ విడివిడిగా దొరికి, హబుల్ చిత్రాల్లో చూసే బంగారు, నీలి రంగుల కూర్పు కలర్ కెమెరాతోనే సాధ్యమవుతుంది. చాలా నెబ్యులాల్లో సల్ఫర్ వెలుగు హైడ్రోజన్ కన్నా బాగా తక్కువ, దానికి ఎక్కువ రాత్రులు కావాలి. రోజెట్ మీద మొదటి ఫిల్టర్‌తో పది గంటల వెలుగు పోగుచేశాక, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు కొనండి.